సీఏపీఎం పాసయ్యాను, ప్రాజెక్ట్ అనుభవం లేదు. హైదరాబాద్‌లో మొదటి జాబ్ ఎలా వెతకాలి?

గుంటూరు_మెక్ అడిగారు:

అందరికీ నమస్కారం. బీటెక్ మెకానికల్. రెండున్నరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఎల్2 (రెండో స్థాయి) అప్లికేషన్ సపోర్ట్ చేస్తున్నాను. రెండు నెలల కిందట పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) వాళ్ల సీఏపీఎం, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ల సర్టిఫికెట్ పరీక్ష, పాసయ్యాను. అప్పటి నుంచి నౌక్రీలో, లింక్డ్‌ఇన్‌లో "ప్రాజెక్ట్ మేనేజర్" అని కొట్టి 90 దాకా అప్లై చేశాను. వచ్చినవి రెండే కాల్స్. రెండిట్లోనూ మొదటి మాట "పీఎంపీ ఉందా, ఎంతమంది టీమ్‌ని నడిపారు" అనే. (పీఎంపీ కూడా పీఎంఐ వాళ్లదే, అనుభవం ఉన్నవాళ్ల సర్టిఫికెట్.)

నా ప్రశ్నలు ఇవి. సీఏపీఎంకి అసలు ఏ పేరుతో ఉద్యోగాలు ఉంటాయి? రెజ్యూమెలో సపోర్ట్ పని తప్ప ఏమీ లేదు, దాన్ని ఎలా రాయాలి? ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు కడితే రెండేళ్ల ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ అనుభవం పెడతామంటున్నారు, అది ఎంతవరకు నడుస్తుంది? నోటీస్ పీరియడ్ 90 రోజులు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

పీఎంఓ_మాదాపూర్:

మీరు వెతికిన పేరు దగ్గరే తేడా వచ్చింది. ఐటీలో "ప్రాజెక్ట్ మేనేజర్" అని పడే ప్రకటనల్లో చాలావరకు ఆరేళ్లో ఎనిమిదేళ్లో దాటినవాళ్ల కోసం. రెండున్నరేళ్ల ప్రొఫైల్ ఆ ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది, మీ సర్టిఫికెట్‌ని ఎవరూ చదవరు కూడా. ఆ 90 అప్లికేషన్లు మీ గురించి ఏమీ చెప్పవు, వాటిని మనసులో పెట్టుకోకండి.

ఇవి కొట్టి చూడండి: ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, పీఎంఓ (ప్రాజెక్టుల లెక్కలు, రిపోర్టులు చూసే ఆఫీసు) అనలిస్ట్, పీఎంఓ అసోసియేట్, ప్రాజెక్ట్ అసోసియేట్, ట్రాన్సిషన్ (పని ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కి మారడం) కోఆర్డినేటర్, చేంజ్ కోఆర్డినేటర్, ఇంప్లిమెంటేషన్ స్పెషలిస్ట్. సపోర్ట్ నుంచి వచ్చేవాళ్లకి వీటిలో చివరి మూడూ దగ్గరి దారి. సర్వీస్‌నౌ టూల్‌లో చేంజ్ రిక్వెస్ట్ ఎలా కదులుతుందో, క్యాబ్ (మార్పులని ఆమోదించే కమిటీ) మీటింగ్‌లో ఏం అడుగుతారో మీకు ఇప్పటికే తెలుసు. బయటి నుంచి ఫ్రెషర్‌ని తీసుకుంటే అది నేర్పడానికే నెలలు పడుతుంది.

ప్రకటన తెరవగానే టైటిల్ పక్కన పెట్టి పనుల జాబితా చదవండి, ఎందుకంటే ఒకే పేరుతో వేరువేరు పనులు ఉంటాయి. "ప్రాజెక్ట్ కోఆర్డినేటర్" అంటే ఐటీ కంపెనీలో ట్రాకర్, రిపోర్టు, ఫాలో-అప్. స్వచ్ఛంద సంస్థలో అయితే ఊళ్లు తిరిగే ఫీల్డ్ పని. ఇంటీరియర్స్ కంపెనీలో అయితే కార్పెంటర్‌కీ, ఫ్యాక్టరీకీ, కస్టమర్‌కీ మధ్య నిలబడే పని. చివరిదాన్ని తక్కువగా చూడకండి. తేదీ, ఖర్చు, కస్టమర్ కోపం మూడూ ఒకేసారి చేతికొస్తాయి, ఆ అనుభవం తర్వాత ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

పీఎంఓ పని ఎలా ఉంటుందో ముందే తెలుసుకుని వెళ్లండి. టైమ్‌షీట్లు వేయనివాళ్ల వెంట పడడం, ప్రతి లీడ్ దగ్గరా స్టేటస్ తీసుకుని ఒకే పేజీలో పెట్టడం, కొత్తగా చేరినవాళ్లకి యాక్సెస్‌లు ఇప్పించడం, పర్చేజ్ ఆర్డర్‌లో ఎంత వాడాం, ఎంత మిగిలింది అని చూడడం, నెలాఖరు స్టీరింగ్ కమిటీకి స్లైడ్లు సిద్ధం చేయడం. రోజులో ఎక్కువ భాగం ఫాలో-అప్పే. ఎక్సెల్‌లో పివట్, ఎక్స్‌లుకప్, కండిషనల్ ఫార్మాటింగ్ తడుముకోకుండా రావాలి. పనులు ట్రాక్ చేసే జిరాలో ఫిల్టర్ రాసి డ్యాష్‌బోర్డ్ పెట్టడం వస్తే ఇంకా మంచిది.

బయట వెతికే ముందు లోపల చూడండి. మొదటి ప్రాజెక్ట్ జాబ్‌కి అన్నిటికన్నా నమ్మకమైన దారి సొంత కంపెనీలో మారడమే, ఎందుకంటే అక్కడ మీ పని తెలిసినవాళ్లు ఉన్నారు. అయితే వరస తప్పకూడదు. ముందు ఐజేపీ (కంపెనీ లోపలే ఉద్యోగం మారే పద్ధతి) పాలసీ చదవండి. ఇప్పుడున్న రోల్‌లో కనీసం ఇన్ని నెలలు ఉండాలని చాలా కంపెనీల్లో నిబంధన ఉంటుంది, రెండున్నరేళ్లకి మీరు దాన్ని దాటేసే ఉంటారు. తర్వాత మీ మేనేజర్‌కి చెప్పండి. ఆయనకి చెప్పకుండా నేరుగా వేరే డెలివరీ మేనేజర్ దగ్గరికి వెళ్తే సెలెక్ట్ అయ్యాక కూడా రిలీజ్ దగ్గర ఆగిపోతుంది. ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే.

మేనేజర్‌ని "నన్ను పీఎం చేయండి" అని అడగొద్దు. "వచ్చే నెల కొత్త అప్లికేషన్ మన సపోర్ట్‌కి వస్తోంది కదా సార్, దాని కేటీ ప్లాన్, యాక్సెస్ ట్రాకర్, వారపు స్టేటస్ నేను చూసుకుంటాను, షిఫ్ట్ పని తగ్గదు" అనండి. (కేటీ అంటే ఒకరి పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం.) వారానికి నాలుగైదు గంటల పని అది. కాదనడానికి ఆయనకి కారణం ఉండదు, ఎందుకంటే ఆ ట్రాకర్ పెట్టుకోవడానికి ఎవరికీ తీరిక ఉండదు. ఒక ట్రాన్సిషన్ మొదటి నుంచి చివరిదాకా అలా చూస్తే మీ రెజ్యూమెలో మొదటి ప్రాజెక్ట్ అదే.

90 రోజుల నోటీస్ నిజంగా అడ్డే. రిక్రూటర్లు నౌక్రీలో నోటీస్ పీరియడ్ పెట్టి ఫిల్టర్ చేస్తారు, కోఆర్డినేటర్ పోస్టులకి 30 రోజుల్లోపే కావాలంటారు. అలాగని ఆఫర్ లేకుండా రిజైన్ చేయకండి. మీ కంపెనీలో బైఅవుట్ (మిగిలిన నోటీస్ రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్లడం) ఉందో లేదో, మేనేజర్ ఒప్పుకుంటే ఎన్ని రోజులకి వదులుతారో హెచ్‌ఆర్ పాలసీలో చూసి పెట్టుకోండి. కాల్ వస్తే "90 రోజులు, బైఅవుట్‌తో 45కి రాగలను" అని ఒక్క ముక్కలో చెప్పగలగాలి. అలా రాగలరని తేలాకే చెప్పండి.

---

రెజ్యూమె_బల్ల:

రెజ్యూమె గురించి మాత్రం చెప్తాను.

సపోర్ట్ వాళ్ల రెజ్యూమెల్లో నూటికి తొంభైసార్లు కనిపించే వాక్యం ఇది: "టికెట్లు పరిష్కరించడం, వివిధ టీములతో సమన్వయం చేయడం నా బాధ్యతలు." దీన్ని చదివినవాడికి ఏమీ తెలియదు. ఎన్ని టికెట్లు, ఏ టీములు, దేనికోసం సమన్వయం, చివరికి ఏమైంది?

అదే పనిని ఇలా రాయొచ్చు. రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉంటుంది, భావం చూడండి: "బిల్లింగ్ అప్లికేషన్ వెర్షన్ అప్‌గ్రేడ్‌కి సపోర్ట్ వైపు ప్లాన్ నడిపాను. 4 టీములు, 31 పనులు, 6 వారాలు. గోలైవ్ చెక్‌లిస్ట్ తయారుచేసి, రెండు రిహార్సల్స్ చేయించాను. అనుకున్న శనివారమే గోలైవ్, రోల్‌బ్యాక్ అవసరం పడలేదు." (గోలైవ్ అంటే మార్పు వాడకంలోకి రావడం, రోల్‌బ్యాక్ అంటే పాతదానికి తిరిగి వెళ్లడం.) ఇందులో పరిమాణం ఉంది, కాలం ఉంది, మీరు చేసిన పని ఉంది, ఫలితం ఉంది. "లీడ్ చేశాను" అనే మాట లేదు, అవసరమూ లేదు.

అంకెలు మీవే అయి ఉండాలి. ఇంటర్వ్యూలో "ఆ 31 పనుల్లో ఏది లేటయింది, ఎందుకు, మీరేం చేశారు" అని అడుగుతారు. నిజంగా నడిపినవాళ్లు ఆగకుండా చెప్తారు. పెంచి రాసినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

సపోర్ట్‌లో మీరు ఇప్పటికే చేసి, ప్రాజెక్ట్ పని అని అనుకోనివి చాలా ఉంటాయి. సెవ్-1 (అన్నిటికన్నా తీవ్రమైన సమస్య) వచ్చినప్పుడు టీములన్నీ కలిసే బ్రిడ్జ్ కాల్‌లో ఎవరు ఏం చేయాలో రాసి గంటగంటకీ అప్‌డేట్ పంపారా? అది ఇష్యూ మేనేజ్‌మెంట్. మళ్లీమళ్లీ వచ్చే సమస్యకి ప్రాబ్లమ్ రికార్డ్ తెరిచి పర్మనెంట్ ఫిక్స్ అయ్యేదాకా డెవలప్‌మెంట్ వాళ్ల వెంట పడ్డారా? అది ఓనర్ పేరు, తేదీ ఉన్న యాక్షన్ ట్రాకింగ్. కొత్తవాళ్లకి రెండు వారాల కేటీ షెడ్యూల్ వేశారా? అదీ ప్లానే. ఒక సాయంత్రం కూర్చుని గత 18 నెలల మెయిల్స్‌లో "సెంట్" ఫోల్డర్ వెతకండి. ఇలాంటివి ఐదారు బయటపడతాయి, వాటిలో బలమైన మూడు రాయండి.

సీఏపీఎంని పేరు కింద హెడ్‌లైన్‌లో ఒకసారి, సర్టిఫికేషన్స్‌లో ఒకసారి రాస్తే చాలు. పూర్తి పేరూ సంక్షిప్త రూపమూ రెండూ ఉండాలి, రిక్రూటర్ రెండిట్లో ఏది కొట్టినా దొరకడానికి. ఫొటో, రెండు కాలమ్‌ల డిజైన్, స్కిల్స్‌కి చుక్కల రేటింగ్ తీసేయండి. రెండు కాలమ్‌ల ఫైల్‌ని కొన్ని సాఫ్ట్‌వేర్లు అడ్డంగా చదివి వాక్యాలు కలిపేస్తాయి. రెండున్నరేళ్లకి ఒక్క పేజీ చాలు.

---

గుంటూరు_మెక్:

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. వచ్చే నెల నిజంగానే ఒక అప్లికేషన్ మా టీమ్‌కి వస్తోంది, మేనేజర్ గారితో సోమవారం మాట్లాడతాను. ఇంటర్వ్యూలో చూపించడానికి మా కంపెనీ ట్రాకర్ల స్క్రీన్‌షాట్లు పెట్టుకోవచ్చా? కన్సల్టెన్సీ సంగతి ఎవరూ చెప్పలేదు.

---

బీజీవీ_తెలిసినవాడిని:

కన్సల్టెన్సీ విషయం నేను చెప్తాను, ఇది గట్టిగానే చెప్పాలి. వద్దు. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఎలా పట్టుబడుతుందో వినండి. మీకు యూఏఎన్ (పీఎఫ్ నంబర్) ఉంది. ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో కనిపిస్తుంది. రెండున్నరేళ్లుగా మీ పీఎఫ్ ఒక కంపెనీ నుంచి పడుతోంది. అదే కాలంలో ఇంకో కంపెనీలో కోఆర్డినేటర్‌గా ఉన్నట్టు లెటర్ పెడితే రెండూ ఢీకొంటాయి. అంతకు ముందు కాలంలో పెడదామంటే అప్పుడు మీరు కాలేజీలో ఉన్నారు. ఫారం 26ఏఎస్ లాంటి ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్ అడిగితే టీడీఎస్ ఎవరు కట్టారో అందులోనూ తెలుస్తుంది. బ్యాంక్ స్టేట్‌మెంట్, పేస్లిప్ సరిపోల్చి చూసే కంపెనీలూ ఉన్నాయి. వెరిఫికేషన్ రిపోర్ట్ చాలాసార్లు చేరిన తర్వాత వస్తుంది. అప్పటికి పాత ఉద్యోగం వదిలేసి ఉంటారు, కొత్తదాంట్లోంచి పంపేస్తారు, రిలీవింగ్ లెటర్ కూడా చేతికి రాదు. నిజంగా సంపాదించుకున్న రెండున్నరేళ్లు కూడా అనుమానంలో పడతాయి.

ఇంకో సంగతి ఆలోచించండి. రేపు పీఎంపీకి అప్లై చేసేటప్పుడు ఇదే అనుభవం రాయాలి. పీఎంఐ కొన్ని అప్లికేషన్లని ఆడిట్‌కి తీస్తుంది, అప్పుడు ఆ ప్రాజెక్ట్ తెలిసిన పై అధికారి మీ పనిని ధ్రువీకరించాలి. లేని ప్రాజెక్ట్‌కి ఎవరు సంతకం పెడతారు?

కాల్ చేసి "స్లాట్ బుకింగ్", "ట్రైనింగ్ డిపాజిట్", "బ్యాక్‌డోర్" అన్నా అంతే. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోరు.

స్క్రీన్‌షాట్లకి కూడా సమాధానం వద్దనే. క్లయింట్ పేరు చెరిపేసినా అది కంపెనీ సమాచారమే. పాత కంపెనీ ఫైళ్లు చూపించే మనిషి రేపు మావీ చూపిస్తాడని ఇంటర్వ్యూ చేసేవాళ్లు అనుకుంటారు.

---

ప్లానింగ్_బెంచ్:

స్క్రీన్‌షాట్లకి బదులు ఏం చూపించాలో నేను చెప్తాను. మీకు తెలిసిన పనినే ఊహా ప్రాజెక్ట్‌గా పెట్టి మూడు కాగితాలు తయారుచేయండి: ఒక షెడ్యూల్, ఒక రెయిడ్ లాగ్ (రిస్కులు, ఇష్యూలు లాంటివి రాసే పట్టిక), ఒక పేజీ స్టేటస్ రిపోర్ట్. మూడూ ఒకే ప్రాజెక్ట్‌వి అయి ఉండాలి. షెడ్యూల్‌లో ఉన్న తేదీ రిపోర్ట్‌లో వేరేగా ఉంటే చూసేవాడు వెంటనే పట్టుకుంటాడు. పైన "నమూనా" అని స్పష్టంగా రాయండి.

షెడ్యూల్ ఉదాహరణ. హెల్ప్‌డెస్క్ టూల్ మార్పు అనుకుందాం. అవసరాల సేకరణ 4 రోజులు. అది అయ్యాక రెండు దారులు. ఒకవైపు కొటేషన్, ఆమోదం 6 రోజులు, తర్వాత కాన్ఫిగరేషన్ 7 రోజులు. ఇంకోవైపు పాత డేటా శుభ్రం చేయడం 5 రోజులు. రెండు దారులూ ముగిశాకే డేటా ఎక్కించడం 3 రోజులు, శిక్షణ 2, గోలైవ్ 1.

పొడవైన దారి కూడండి: 4, 6, 7, 3, 2, 1 మొత్తం 23 పనిదినాలు. ఇదే క్రిటికల్ పాత్, ఇందులో ఏ పని లేటైనా గోలైవ్ లేటవుతుంది. డేటా శుభ్రం చేసే పని 9వ రోజుకే ముగుస్తుంది, కానీ డేటా ఎక్కించడం 17వ రోజు తర్వాతే మొదలవుతుంది. కాబట్టి దాని ఫ్లోట్, అంటే గోలైవ్ కదలకుండా లేటవగల వ్యవధి, 8 రోజులు.

ఇంటర్వ్యూలో ప్రశ్న సరిగ్గా ఇక్కడి నుంచే వస్తుంది. "డేటా టీమ్ 3 రోజులు లేటు, ఆమోదం 3 రోజులు లేటు. దేని గురించి స్పాన్సర్‌కి చెప్తారు?" డేటా లేటైతే ఫ్లోట్ 5కి తగ్గుతుంది, గోలైవ్ కదలదు, ట్రాకర్‌లో రాసి గమనిస్తే సరిపోతుంది. ఆమోదం లేటైతే గోలైవ్ 26వ రోజుకి పోతుంది, కాబట్టి ఆ రోజే చెప్పాలి, చెప్పేటప్పుడు కాన్ఫిగరేషన్‌లో ఏం కుదించగలమో కూడా చేతిలో ఉండాలి. సీఏపీఎం పరీక్ష కోసం ఫార్ములా బట్టీ పట్టినవాళ్లు ఫ్లోట్ లెక్క కడతారు గానీ, ఈ తేడా చెప్పలేక ఆగిపోతారు.

రెయిడ్ లాగ్‌లో చాలామంది "డేటా రిస్క్", "వెండర్ ఆలస్యం" అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. రిస్క్‌ని కారణం, ఎప్పుడు, ఫలితం మూడూ కలిపి రాయాలి. ఉదాహరణకి ఒక వరస: "వెండర్ నుంచి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ 14వ తేదీకి రాకపోతే 18న యూఏటీ (వాడేవాళ్లు చేసే పరీక్ష) మొదలవదు. ఓనర్ నెట్‌వర్క్ లీడ్. 10న గుర్తుచేయాలి. 14 సాయంత్రం 4 గంటలకి రాకపోతే డెలివరీ మేనేజర్‌కి ఎస్కలేషన్." ఓనర్ దగ్గర టీమ్ పేరు రాయొద్దు, ఒక మనిషి ఉండాలి. టీమ్ పేరు రాస్తే ఎవరూ పట్టించుకోరు. 14 దాటినా రాకపోతే అది ఇక రిస్క్ కాదు, ఇష్యూ. లాగ్‌లో ఆ వరసని మూసి ఇష్యూగా కొత్తది తెరవాలి. రిస్క్‌కీ ఇష్యూకీ తేడా ఏమిటని అడిగితే నిర్వచనం చెప్పేకన్నా ఈ ఉదాహరణ చెప్పడం మేలు.

ఎర్న్‌డ్ వాల్యూ కూడా అడగొచ్చు, అంటే అయిన పనిని డబ్బులో కొలిచి ప్లాన్‌తో, ఖర్చుతో పోల్చే లెక్క. బడ్జెట్ 10 లక్షలు. ఈ రోజుకి 50 శాతం పని అయి ఉండాలి, 40 శాతమే అయింది, ఖర్చు 4.5 లక్షలు. పీవీ (అయి ఉండాల్సిన పని విలువ) 5, ఈవీ (అయిన పని విలువ) 4, ఏసీ (అసలు ఖర్చు) 4.5. ఎస్పీఐ (ఈవీ/పీవీ) 0.8, సీపీఐ (ఈవీ/ఏసీ) సుమారు 0.89. ఇదే తీరులో సాగితే చివరి ఖర్చు 11.25 లక్షలు. అంకెలు చెప్పి ఆగిపోకండి. "పని వెనకబడింది, చేసిన పనికి పెట్టిన ఖర్చు కూడా ఎక్కువే, కాబట్టి మనుషుల్ని పెంచి తేదీ పట్టుకుందామంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది" అని మాటల్లో చెప్పాలి. కోఆర్డినేటర్ నుంచి వాళ్లు కోరుకునేది ఆ వాక్యమే.

స్టేటస్ రిపోర్ట్‌లో పైన ఎరుపు, పసుపు, పచ్చ ఏదో ఒకటి, పక్కనే ఎందుకో ఒక్క వాక్యం. ఈ వారం అయినవి, వచ్చే వారం అయ్యేవి, సాయం కావాల్సినవి. చివరిది ఖాళీగా ఉండే రిపోర్టులే ఎక్కువ. పైవాళ్లు చదివేది మాత్రం దాన్నే.

---

సివిల్_కాకినాడ:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను సివిల్, సైట్ ఇంజినీర్‌గా ఏడాదిన్నర. నాకు కూడా సీఏపీఎం పనికొస్తుందా, లేక ప్రైమవేరా (షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా?

---

ప్లానింగ్_బెంచ్:

మీకు ముందు ప్రైమవేరా పీ6, తర్వాతే సీఏపీఎం. నిర్మాణ రంగంలో మీ మొదటి మెట్టు పేరు ప్లానింగ్ ఇంజినీర్. ప్రకటనల్లో అడిగేది పీ6, ఎక్సెల్, డీపీఆర్ (రోజువారీ పని రిపోర్ట్), మూడు వారాల లుక్-అహెడ్ (రాబోయే పనుల ప్లాన్), బిల్లింగ్ క్వాంటిటీలు. సీఏపీఎం ఉంటే భాష తెలుస్తుంది గానీ కాల్ తెచ్చేది పీ6.

పీ6 కోర్సులో బటన్లు నేర్పుతారు, లాజిక్ నేర్పరు. సైట్ తెలిసిన మీకు అక్కడే లాభం. స్లాబ్ కాంక్రీట్ అయిన మర్నాడే కింది అంతస్తులో గోడ పని పెట్టే షెడ్యూల్‌ని సాఫ్ట్‌వేర్ తప్పు పట్టదు. ఐఎస్ 456 (కాంక్రీట్ పనుల భారత ప్రమాణం) ప్రకారం, మామూలు సిమెంటుతో, 4.5 మీటర్ల లోపు స్పాన్ స్లాబ్‌కి ప్రాప్స్ (కింద నిలబెట్టే ఆధారాలు) 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలి. 6 మీటర్లు దాటిన బీమ్‌కి 21 రోజులు. ఆ ల్యాగ్ (రెండు పనుల మధ్య ఆగాల్సిన వ్యవధి) పెట్టకపోతే కాగితం మీద మూడు వారాలు ముందు, సైట్‌లో మూడు వారాలు వెనక. ల్యాగ్‌ని మామూలు పనిదినాల క్యాలెండర్‌లో పెడితే ఆదివారాలు కూడా తీసేసి లెక్కిస్తుంది, కాంక్రీట్ ఆదివారం కూడా గట్టిపడుతుంది కదా. దానికి ఏడు రోజుల క్యాలెండర్‌తో క్యూరింగ్ అని వేరే యాక్టివిటీ పెట్టడం మంచిది.

మీ సైట్‌లోనే ఒక బ్లాక్ తీసుకుని 60 నుంచి 80 యాక్టివిటీలతో షెడ్యూల్ వేసి, బేస్‌లైన్ (పోల్చుకోవడానికి దాచే మొదటి ప్లాన్) కట్టి, నాలుగు వారాలు నిజంగా అప్‌డేట్ చేయండి. వెనక లింకు గానీ ముందు లింకు గానీ లేని యాక్టివిటీలు ఎన్నున్నాయో చూడండి, మొదటిదీ చివరిదీ తప్ప ఒక్కటీ ఉండకూడదు. ప్లానింగ్ ఇంటర్వ్యూలో మీ ఫైల్ తెరిస్తే మొదట చూసేది అదే.

---

గుంటూరు_మెక్:

ఈ వారాంతం ఆ మూడు కాగితాలూ మొదలుపెడతాను. ఒక చివరి సందేహం. సీఏపీఎం బదులు స్క్రమ్ మాస్టర్ (చిన్న విడతల్లో పనిచేసే ఎజైల్ టీమ్‌కి పద్ధతి చూసే రోల్) సర్టిఫికెట్ చేసి ఉండాల్సిందా? పీఎంపీకి ఎప్పుడు వెళ్లొచ్చు?

---

పీఎంఓ_మాదాపూర్:

సీఏపీఎం సిలబస్ 2023లో మారింది. ఇప్పుడు అందులో ఎజైల్ 20 శాతం, బిజినెస్ అనాలిసిస్ 27 శాతం ఉన్నాయి. కాబట్టి మీరు చదివింది ఎక్కడికీ పోలేదు. మీరు చూసే ప్రకటనల్లో స్క్రమ్ అనే మాట పదేపదే కనిపిస్తే పీఎస్‌ఎం-1 అనే స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ చేయొచ్చు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి, గడువు తీరిపోదు. ముందు స్క్రమ్ గైడ్ చదవండి, ఉచితం, చిన్నది. కానీ స్క్రమ్ మాస్టర్ పోస్టులకి కూడా అనుభవమే అడుగుతున్నారు, ఇంకో సర్టిఫికెట్‌తో ఆ గోడ దాటలేరు. ఇప్పుడున్న నాలుగైదు గంటలు ఆ ట్రాన్సిషన్ ట్రాకర్ మీద పెట్టండి.

పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకి ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు కావాలి. మీ డిజిగ్నేషన్ ఏమిటని చూడరు, ఏం నడిపారని చూస్తారు. అందుకే కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు మీరు బాధ్యత తీసుకుని నడిపిన భాగం లెక్కలోకి వస్తుంది, వట్టి టికెట్ పని రాదు. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చేసినా ఒక నెలగానే లెక్క. 35 గంటల శిక్షణ కూడా అడుగుతారు గానీ, సీఏపీఎం అప్పటికి చెల్లుబాటులో ఉంటే అది అక్కర్లేదు. సీఏపీఎం గడువు మూడేళ్లు, పొడిగించుకోవడానికి 15 పీడీయూలు (నేర్చుకున్న గంటల లెక్క) కావాలి. వదిలేస్తే ఆ సౌకర్యం పోతుంది.

హైదరాబాద్‌లో పీఎంఐ పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది. సభ్యత్వం తీసుకుంటే కార్యక్రమాలకి వలంటీర్‌గా అడగండి. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర నిలబడడం కన్నా షెడ్యూల్, వక్తల సమన్వయం, బడ్జెట్ ట్రాకింగ్ లాంటి పని అడిగి తీసుకోండి. తేదీ మారని నిజమైన ఈవెంట్ అది, రెజ్యూమెలో రాసుకోవచ్చు, పక్కన పనిచేసేవాళ్లలో మీ రంగంలో మనుషుల్ని తీసుకునేవాళ్లు కూడా ఉంటారు.

ఈ రోజే ఒక షీట్ తెరవండి. నెల, ప్రాజెక్ట్, మీ పని, ఎన్ని గంటలు, ధ్రువీకరించగల మేనేజర్ పేరు, ఆయన వ్యక్తిగత మెయిల్. మూడేళ్ల తర్వాత పీఎంపీ ఫారం నింపేటప్పుడు ఆ మేనేజర్ కంపెనీ మారి ఉంటారు, ఆఫీసు మెయిల్ పనిచేయదు. సోమవారం మాట్లాడిన తర్వాత ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి కేటీ ప్లాన్‌లో ఏ కాలమ్‌లు పెట్టాలో చూద్దాం.